గట్టు మీద లేచి నిలబడ్డవాళ్ళు

మా స్టాఫ్‌రూములో ఒకావిడ సెలవుల్లో హిమాలయాలకు వెళ్ళొచ్చి, కొండల నడుమ సరస్సులో సూర్యోదయం ఫొటో అందరికీ చూపించింది. "మన కొల్లేరూ ఉంది, ఎందుకు? బురద!" అంది. ఊరుకుంటే నేను నేనెందుకవుతాను? "కొండలుంటేనే సరస్సా అండీ? సోమవారం మా కొల్లేటిని తెచ్చి మీ బల్ల మీద పెడతాను," అన్నాను.

ఆదివారం చీకటితోనే మావారిని లేపి తాడేపల్లిగూడెంలో స్కూటరెక్కాను. రెండు వేల మూడో నాలుగో, కెమెరాలో ఇంకా రీలే. గుండుగొలను దగ్గర హైవే దిగి, చేపల చెరువులు దాటి, కొల్లేటిని ఆనుకున్న ఓ ఊరి గట్టెక్కాం. స్కూటరు లైటు పడగానే గట్టు వారన కూర్చున్న ఆడవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు లేచి నిలబడ్డారు. అచ్చం నేను క్లాసులో అడుగుపెడితే పిల్లలు లేచినట్టే.

"చూశారా, పల్లెటూరి మర్యాద!" అన్నాను మావారితో. వాళ్ళకేసి తిరిగి, "కూర్చోండమ్మా, కూర్చోండి. మాకోసం లేవక్కర్లేదు," అని కూడా అన్నాను.

ఎవరూ కూర్చోలేదు.

"పోదాం పద," అన్నారు మావారు.

"సూర్యుడు రాకుండానే?"

ఆయన లైటార్పి, స్కూటరు అవతలికి తోసుకుపోయి, అటు తిరిగి నిలబడ్డారు. అలిగారనుకున్నాను.

కాసేపటికి ఒక పెద్దావిడ తలమీద కొంగు కప్పుకుని దగ్గరికొచ్చింది. "ఏవండీ, ఫొటోకి ఇంకా చాలాసేపు పడుతుందాండీ?"

"సూర్యుడు నా చేతిలో ఉన్నాడా?"

"అది కాదండీ. మావాళ్ళకి కొంచెం పనుందండీ."

"ఉంటే మీ పని మీరు చేసుకోండి. మేమేమన్నా అడ్డమొచ్చామా? గట్టు ఎవరి సొంతమూ కాదుగా?"

"అయ్యో, అంత మాటెందుకండీ," అంటూ వెనక్కి వెళ్ళిపోయింది. "సూర్యుణ్ణి బొట్టుపెట్టి పిలిచారంట, ఆయనొస్తే గానీ కదలరంట," అని చీకట్లో ఎవరో అంటే కిసుక్కుమన్నారు. ఆ నవ్వు ఎంతోసేపు లేదు.

తూర్పు ఎర్రబడింది. ముందు నీళ్ళు కనిపించాయి, తర్వాత కిక్కిస గడ్డి దుబ్బులు, ఆ తర్వాత వాళ్ళ చేతుల్లో చెంబులు. నెలలు నిండిన ఒకమ్మాయి పొత్తికడుపు పట్టుకుని, పక్కావిడ భుజం మీదికి వాలిపోయి ఉంది. పెదవి పళ్ళ కింద నొక్కిపెట్టుకుంది.

నేను పుట్టింది ఏలూరులో, కాపురం తాడేపల్లిగూడెంలో. గొళ్ళెం ఉన్న తలుపు లేకుండా నాకు ఒక్కరోజు గడవలేదు. అది సాకు కాదని అప్పుడే తెలుసు. ఆ సమయంలో కూడా నా నోటికి వచ్చిన మాట ఏమిటంటే:

"ముందే చెప్పొచ్చుగా!"

కసిరినట్టే అన్నాను.

"చెప్పామండీ," అంది పెద్దావిడ మెత్తగా.

"మేం వెళ్ళిపోతాం. ఇప్పుడే, ఈ క్షణమే..."

"తెల్లారిపోయింది కదండీ. మళ్ళీ చీకటి పడాల్సిందే."

అప్పటికే చేపల మేత బస్తాలతో ట్రాక్టరొకటి గట్టెక్కుతోంది. ట్రాలీ మీద మగవాళ్ళు. ఆడవాళ్ళు చెంబుల్లో నీళ్ళు గడ్డిలో ఒంపేసి ఊరివైపు నడిచారు. ఆ అమ్మాయిని ఇద్దరు చెరోవైపు పట్టుకుని అడుగులో అడుగు వేయిస్తున్నారు. నేను దారికి అడ్డంగా, కెమెరా పట్టుకుని అలాగే నిలబడి ఉన్నాను. నా దగ్గరికి వచ్చేసరికి ఆ ముగ్గురే పక్కకు ఒదిగి, గట్టు వాలులోకి దిగి, నన్ను తప్పించుకుని వెళ్ళారు.