సత్రం నిలబెట్టిన మా అత్త

పోయిన గురువారం ఉదయం మా మేనత్త కన్నుమూసింది. కొడవలూరు దగ్గరి మా ఊళ్ళో నాట్లు ఆపి మరీ జనం వచ్చారు. ఆమె గురించి మీతో చెప్పుకోవాలనిపించింది.

అత్తకు పాత కట్టడాలంటే ప్రాణం. చెక్కిన ద్వారబంధమో బొమ్మలున్న గోడో కనిపిస్తే వచ్చిన పని మరిచిపోయేది. అక్క పెళ్ళిచీరలకని నెల్లూరు వెళ్ళినప్పుడు, తలుపు మీద చిలకలు చెక్కిన ఒక పాత మేడ ముందు నిలబడిపోయింది.

"చీరలు యాడికీ పోవులే. ఆ చిలకల్ని చూడండే, ఎగిరిపొయ్యేట్టుండాయి" అంది. చిరాకుపడుతూనే చూశాం. నిజంగా అలాగే ఉన్నాయి.

మా ఊళ్ళో బాటసారుల కోసం ఎప్పుడో కట్టిన సత్రం ఒకటుంది. ఏటేటా పూసిన సున్నం మందంగా పేరుకుని, దాని రాతిస్తంభాలు మొద్దుల్లా అయిపోయాయి. పైకప్పు కారుతోంది. పడగొట్టి కొత్త హాలు కడదామని పంచాయతీలో అనుకున్నారు. అత్త నేరుగా సర్పంచి ఇంటికి వెళ్ళింది.

"ఏముందక్కా అందులో, గబ్బిలాలు తప్ప?" అన్నాడాయన.

"కొన్నాళ్ళు ఆగు అబ్బయా. అప్పటికీ ఏం లేదనిపిస్తే నువ్వే పడగొట్టు."

మర్నాడే కొబ్బరిపీచు, నీళ్ళ బకెట్టు తీసుకెళ్ళి స్తంభాలు రుద్దడం మొదలుపెట్టింది. ముందు నవ్విన ఆడవాళ్ళే తర్వాత కొంగులు బిగించి పక్కన చేరారు. నేనూ చేరాను. నా చేతికింద సున్నం పెచ్చు ఊడి ముందు ముక్కు, తర్వాత మెడ, చివరికి పురివిప్పిన నెమలి బయటపడింది.

"అత్తా!" అని కేకేశాను.

తడిచేత్తో దాని వీపు నిమిరింది. "చెక్కినాయన పేరు తెలీదు. ఆయన చెయ్యి మాత్రం ఇక్కడే ఉండాది."

జేసీబీ వచ్చిన రోజు సర్పంచి లోపలికి అడుగుపెట్టి, స్తంభం స్తంభం దగ్గరా ఆగాడు. బయటికొచ్చి డ్రైవరుతో అన్నాడు: "బండి తిప్పుకోబ్బా. కప్పు బాగుచేయించుకుంటాం."

ఆడవాళ్ళ కేకలకు గబ్బిలాలన్నీ లేచిపోయాయి. అత్త అందరికంటే గట్టిగా అరిచింది.

కప్పు బాగయ్యాక ఆ సత్రంలో జరిగిన మొదటి పెళ్ళి నాదే. తలంబ్రాలయ్యాక భోజనాల వైపు చూశాను. ఇస్తరాకులో అన్నం చల్లారిపోతుంటే అత్త తల పైకెత్తి, కప్పుకు చెక్కిన రాతి తామరను చూస్తోంది. ఆమెను చూసి పక్కవాళ్ళు, వాళ్ళను చూసి ఎదుటి వరస, పంక్తి పంక్తంతా కలిపిన ముద్ద చేతిలోనే ఉంచుకుని పైకి చూస్తోంది.