మూర బట్ట మిగిల్చిన నల్లా

యుద్ధం రోజుల్లో ఇనుప మేకు కూడా వెతుక్కోవలసి వచ్చిన కాలంలో, సిద్దిపేటలో మా బజారుకు నల్లా తెచ్చిన మొనగాణ్ణి నేనే. అదీ చెప్పిన ధరలో సగానికి. ఆ సగంలోంచి మళ్లీ కొంత విరగ్గొట్టాను, నీళ్లు మోసేవాడి కూలి పెరగకుండా ఆపాను, ఆఖరికి కుండ మూతికి కట్టే గుడ్డను కూడా మిగిల్చాను. ఇంత తక్కువ ఖర్చుతో కాళ్లు చెడగొట్టుకున్న వర్తకుడు మా ఇంటిపేరు వాళ్లలో మరొకడు లేడు. బేరం వరకు చూస్తే మాత్రం ఇవాళ్టికీ నాలో తప్పు పట్టలేరు.

మాది బట్టల దుకాణం. అంగడి రోజున చుట్టుపక్కల ఊళ్ల రైతులు బండ్లు కట్టుకుని దిగేవారు. రైతు గద్దె ఎక్కగానే ముందు చేతికి చెంబెడు నీళ్లివ్వాలి. తాతల నాటి పద్ధతి అది, ధర్మం కోసం పెట్టింది మాత్రం కాదు. నీళ్లు తాగినవాడు కూర్చుంటాడు. కూర్చున్నవాడు బట్ట తాను విప్పమంటాడు. తాను విప్పించాక ఉత్త చేతులతో లేచి పోవడానికి మొహమాటపడతాడు. కాబట్టి మా బజారులో అసలు పోటీ బట్టల్లో కాదు, నీళ్లలో ఉండేది. ఆ పోటీలో ఎదుటి దుకాణం సావుకారి మమ్మల్ని చిత్తు చేశాడు. కుండ మూతులకు గుడ్డ కట్టి, లోపల వట్టివేళ్లు వేశాడు. ఎండాకాలం వచ్చిందంటే రైతులు మా గద్దె ముందు నుంచే, మా వైపు తల కూడా తిప్పకుండా, ఆ వాసన పట్టుకుని వెళ్లిపోయేవారు.

సరుకు కోసం హైదరాబాదు పోయినప్పుడు, నేను దిగిన ముసాఫిర్‌ఖానాలో మొదటిసారి నల్లా చూశాను. తిప్పితే నీళ్లు! మళ్లీ తిప్పితే లేవు! చేదలేదు, ముంచలేదు, వంగలేదు. నేను తిప్పుతూ, ఆపుతూ, మళ్లీ తిప్పుతూ ఉంటే కాపలావాడు వచ్చి చెయ్యి పట్టుకుని పక్కకు లాగాడు. నాకు మాత్రం ఆ ఇత్తడి ముక్కు వెనకాల మా గద్దె, గద్దె నిండా జనం, ఎదుటి సావుకారి మొహం వరసగా కనిపిస్తున్నాయి. కొనవలసిన బట్ట సంగతి పక్కనపెట్టి పాత సామాను అమ్మే గుజిరీకి పరుగెత్తాను.

అక్కడ పడగొట్టిన ఒక నవాబు దేవిడీ నుంచి వచ్చిన ఇనుప తొట్టి ఉంది, దానికి బిగించిన ఇత్తడి నల్లాతో సహా. నేను ముందు తుప్పు చూపించాను. తరవాత సొట్ట చూపించాను. మూడుసార్లు లేచి పోయి మూడుసార్లు పిలిపించుకున్నాను. సగానికి దిగాక, మూత నాకక్కర్లేదు, అది తీసేస్తే ఎంత తగ్గిస్తావని అడిగాను. గుజిరీవాడు మూత పక్కకు తీసిపెడుతూ, మియా, నువ్వు ఇంకాసేపు ఉంటే అడుగు కూడా వద్దంటావు అని, తగ్గించేశాడు. ఉన్నదాంట్లోంచి ఏదో ఒకటి తీసేయించి ధర దింపడం, అదే నా విద్య.

పెట్రోలు దొరక్క బస్సులు బొగ్గు మీద నడుస్తున్న రోజులు. తొట్టి బస్సు మీదికెక్కింది. నేను తరవాత కొన్న నాలుగు బట్టల మూటలూ తొట్టి లోపల పడేసి, ఇది ఒక్కటే సామాను అని కండక్టరుతో వాదించి ఒక్క కిరాయే ఇచ్చాను. ఎత్తు వచ్చిన ప్రతిచోటా బస్సు దగ్గి ఆగిపోయేది. అందరం దిగి నెట్టేవాళ్లం. నేను మాత్రం నెట్టేటప్పుడు కూడా పైకి చూస్తూనే ఉన్నాను, నా నల్లా ఊగుతున్నదా అని.

తొట్టి దుకాణం ముందు దిగింది. బాపు, అంటే మా నాన్న, గల్లా మీంచి లేవకుండానే అడిగాడు.

"ఏందిరా గిది?"

"నల్లా, బాపు."

"నీళ్లేడికెల్లొస్తయి?"

"బాయికెల్లే. కావడోడు దెచ్చి పోస్తడు."

"బాయిల నీళ్లు తొట్ల పోసి, తొట్ల నీళ్లు చెంబుల పట్టాలె. నడుమ గీ ఇత్తడి ముక్కు దేనికిరా?"

"తిప్పనీకి."

అప్పటికి రెండేళ్లుగా నేను గల్లా మీద కూర్చుంటానని వెంటపడుతున్నాను. గల్లా తాళంచెవి బాపు మొలతాడుకు ఉండేది. స్నానానికి కూడా విప్పేవాడు కాదు. ఆ రోజు దాన్ని రెండు వేళ్లతో ఆడిస్తూ తన బేరం చెప్పాడు.

"మల్ల మిరుగం దాక జూస్త. నల్లా ఖర్సు బోను లాభం జూపిస్తే గీ చెవి నీ మొలకు కడ్త. సూపియ్యకుంటె మల్ల గల్లా మాటెత్తొద్దు."

మళ్లీ మృగశిర కార్తె దాకా, అంటే ఏడాది గడువు! నాకింకేం కావాలి! గద్దె పక్కన నిలువెత్తు దిమ్మె కట్టించి దాని మీద తొట్టి ఎక్కించాను. మూతకు బదులు తడిక కప్పాను. ఇక మిగిలింది కావడివాడు. అతను ఊరి దిగుడు బావి నుంచి నీళ్లు తెచ్చేవాడు. మెట్లు దిగి, మోకాలి లోతు నీళ్లలో నిలబడి ముంచుకోవాలి. ఊరంతా అవే నీళ్లు. ఇంటికి వచ్చిన నీళ్లను అవ్వ, అంటే మా అమ్మ, నాలుగు మడతల బట్ట కుండ మూతికి కట్టి దాని మీదుగా పోయించేది. ఆ బట్ట చివికిపోయినప్పుడల్లా దుకాణంలోని తాను చివర మూరెడు చింపుకుని తీసుకుపోయేది. బట్టకు కంట్రోలు వచ్చి, గజం గుడ్డకు జనం వరసకట్టే రోజుల్లో నాకది కడుపులో చింపినట్టుండేది.

కావడివాడు నిచ్చెన ఎక్కి, అవ్వ తొట్టికీ కట్టించిన బట్ట మీద ఒక కుండ కుమ్మరించి దిగివచ్చి తన లెక్క చెప్పాడు.

"సుక్క సుక్క దిగుతుంది సేటు. అందాక నేను నిచ్చెన మీద కొంగ లెక్క నిలవడాలె. కావడికో పైస ఎక్కువియ్యి."

"బట్ట తీసేస్తే?"

"తీసేస్తే పాత కూలే."

"తీసెయ్యి."

ఒక్క మాటలో పైసా మిగిలింది, మూర బట్టా మిగిలింది. అవ్వ ఊరుకోకుండా అడిగితే, హైదరాబాదులో నల్లాకు ఎవడైనా బట్ట కడతాడా అని ఆమె నోరు మూయించాను. హైదరాబాదు నల్లాలో నీళ్లు ఎక్కడినుంచి వస్తాయో, రాకముందు వాటికి ఏం చేస్తారో నేను అడిగింది లేదు. అవ్వ మాత్రం మా తొట్టి నీళ్లు ఇనుము కంపు కొడుతున్నాయని తన కుండ, తన గుడ్డ వంటింట్లోనే ఉంచుకుంది.

మొదటి అంగడి రోజు! ధూళిమిట్ట నుంచి వచ్చే మా పాత గిరాకీ ఒక రైతు అందరికంటే ముందు బండి దిగాడు. అతన్ని నల్లా ముందు నిలబెట్టాను. అతను దాన్ని అటునుంచి ఇటునుంచి చూసి, చేతులు తుడుచుకుని, అడిగాడు:

"బర్రె పొదుగు లెక్క గుంజాల్నా సేటు?"

"గుంజుడు గాదు పటేలా, తిప్పుడు."

తిప్పాడు. ధార పడింది. దోసిట్లో పట్టి తాగాడు, మళ్లీ తాగాడు, తలపాగా తీసి తల కింద పెట్టాడు, ఆపి మళ్లీ తిప్పాడు. వెనక నుంచి జనం తోసుకొచ్చారు. తిప్పడానికే వచ్చినవాళ్లు తాగారు, తాగినవాళ్లు కూర్చున్నారు, కూర్చున్నవాళ్లు తాన్లు విప్పించారు. ఎదుటి దుకాణంలో చీరె కొని మూట కట్టించుకున్నవాళ్లు కూడా నీళ్లకు మా దగ్గరికే వచ్చి ఇంకో ధోవతి కొనుక్కుపోయారు. మధ్యాహ్నానికి తొట్టి రెండుసార్లు ఖాళీ అయింది. ఎదుటి సావుకారి గద్దె దిగి మా ముందుకు వచ్చి, నీళ్లమ్ముకుంటున్నవా, బట్టలమ్ముకుంటున్నవా అని నన్నడిగి, నీ నల్లా నీళ్లు తాగిన్నాడు నా దుకాణం నీ పేర రాసిస్త అని పందెం కట్టినట్టు చెప్పి పోయాడు. అన్నమాట నిలబెట్టుకున్నాడు. చుక్క కూడా ముట్టలేదు.

ఏడాదంతా అదే జాతర. నేను గల్లాకు ఇంకొంచెం దగ్గరగా, ఇంకొంచెం దగ్గరగా కూర్చుంటూ వచ్చాను. మొలతాడు కొత్తది కూడా కొనుక్కున్నాను.

మళ్లీ మిరుగం వచ్చింది. తొలి వానలు పడ్డాయి. నా ఎడమ చీలమండ దగ్గర నిప్పు పెట్టినట్టు మంట మొదలై, బొబ్బ లేచి పగిలింది. అందులోంచి తెల్లని దారం తల పెట్టింది. నారికురుపు. మా వైపు దాన్ని ఎరగనివాళ్లు లేరు. ఆ పురుగును ఈనెపుల్లకు చుట్టి, రోజుకు కాస్త కాస్త తిప్పుతూ ఓపికగా బయటికి తియ్యాలి. వారం తిరక్కుండానే బాపు మోకాలి కింద ఇంకొకటి లేచింది. తండ్రీకొడుకులం గద్దె మీద కాళ్లు చాపుకుని, చెరో పుల్ల కట్టుకుని, బట్టలమ్మాం. బాపు ఓపికగా చుట్టాడు. నేను బేరం తొందరలో ఉన్నవాణ్ణి కదా, ఒకే రోజు పని తేల్చుకుందామని లాగాను. తెగింది. కాలు తొట్టంత వాచింది.

దవాఖానలో డాక్టరు ఏ నీళ్లు తాగుతావని అడిగాడు. నల్లా నీళ్లని గొప్పగా చెప్పాను. నల్లాలోకి ఎక్కడినుంచి అన్నాడు. చెప్పాను. నారికురుపు ఉన్నవాడు దిగుడు బావిలో కాలు పెడితే దాని పిల్లలు నీళ్లలో పడతాయని, కంటికి ఆనని నలకల్లాంటి పురుగులు వాటిని మింగుతాయని, ఆ నలకలు మన కడుపులోకి పోతే ఏడాదికి దారం బయటికొస్తుందని వివరించాడు. వాటిని ఆపడానికి నాలుగు మడతల బట్ట చాలన్నాడు. మనుషులు దిగని చేదబావి నీళ్లయితే ఇంకా మంచిదన్నాడు. నాకు ఇల్లు చేరేదాకా ఒకటే లెక్క: అవ్వకు లేవలేదు. ఎదుటి సావుకారికి లేవలేదు.

ఆ అంగడికి ధూళిమిట్ట రైతు రాలేదు. పక్క ఊరి బండివాణ్ణి అడిగితే మంచంలో ఉన్నాడని చెప్పాడు. కుంటుకుంటూ బండెక్కి పోయాను. అతని ఒక్క కాలికే రెండు లేచాయి. ఎడ్లు కొట్టంలో కట్టేసి ఉన్నాయి. ఇరుగుపొరుగు చేలలో విత్తనాలు పడుతుంటే అతని చేను విత్తే పదును మీద ఉండి కూడా ఖాళీగా ఉంది. నన్ను చూడగానే లేచి కూర్చోబోయాడు.

"నల్లా ఎట్లున్నది సేటు?"

నేను సంగతంతా చెప్పాను. బట్ట తీయించిన సంగతి కూడా. అతను కాలు వంక చూసుకుని, నవ్వి, చెయ్యి ఊపాడు.

"మా ఊరి బాయి గూడ గసుంటిదే. నారి మీద నీ దుకాణం పేరు రాసున్నదా?"

నా జన్మలో ఎదుటివాడు తనంతట తాను అంత తగ్గించిన బేరం లేదు. గట్లనే పటేలా అని లేచి వచ్చేస్తే చాలు. ఏడాది లాభం, తాళంచెవి, రెండూ నా మొలకు. లేవబోయాను కూడా. కానీ సరుకు కొనేముందు రెండో వైపు తిప్పి చూడటం చిన్నప్పటి నుంచి అలవాటైపోయిన చెయ్యి, ఊరుకోలేదు.

"మీ ఇంట్ల ఇంకెవలికన్న లేసిందా?"

"లేదు. మా ముసల్ది బట్ట కట్టి ముంచంది నీళ్లు ముట్టనియ్యది."

మళ్లీ కూర్చున్నాను. ఆ సాయంత్రమే అరకలవాళ్లను, కూలివాళ్లను పిలిపించాను. వాళ్లు ఎంతడిగితే అంతకు ఒప్పుకున్నాను. అంత త్వరగా ఒప్పుకునేసరికి వాళ్లకు అనుమానం వచ్చి, ఇందులో ఏదో మతలబు ఉందని పక్కకుపోయి మాట్లాడుకొచ్చారు. ఉన్న పదును పోకముందే చేను విత్తించి తిరిగొచ్చాను. వచ్చీ రాగానే తొట్టికి బట్ట కట్టించాను, తాను చివరది కాదు, నడిమి నుంచి కోసింది. చేదబావి నుంచి తెమ్మని కావడివాడికి అతనడిగిన పైసా మీద మరో పైసా ఇచ్చాను.

తరవాత కాలికి పుల్ల కట్టుకుని కూర్చున్న బాపు ముందు, నిజాం సర్కారు హాలీ సిక్కా రూపాయల్లో, లెక్క చదివాను.

నల్లా వల్ల పెరిగిన అమ్మకం మీద లాభం నూట ఇరవై. చింపకుండా మిగిల్చిన బట్ట అమ్మితే వచ్చినవి మూడు. తొట్టి, నల్లా, బస్సు కిరాయి, దిమ్మె, కావడి కూలి అన్నీ కలిపి ఎనభై పోను చేతిలో నలభై మూడు. ఇక్కడ ఆపితే చెవి నాది. ధూళిమిట్ట చేనుకు అరకలు, కూలి, విత్తనం నలభై ఆరు. మా ఇద్దరి కాళ్లకు కట్లూ నూనే అయిదు. నికరం, నష్టం ఎనిమిది రూపాయలు. గల్లా తాళంచెవి బాపు మొలకే. ఏడాది పొడుగునా మా నల్లా తిప్పి, తాగి, ఏ ఊరికి పోయారో నేనడగని మిగతా గిరాకీల కాళ్లు: ఎన్నో తెలియదు, అక్కడ అంకె వెయ్యలేదు.