మాయను ఇమ్మని అడిగినందుకు

మొన్న శుక్రవారం మధ్యాహ్నం మా అన్నయ్య మనవరాలు ఫోన్ చేసి, ఎలా ఉన్నావని కూడా అడక్కుండా, ఆ రోజుల్లో నువ్వు మాయను ఎలా ఇప్పించావు మామ్మా అంది. ఆ పిల్ల మా కొండ పల్లెలకు దిగువనున్న సర్కారు ఆసుపత్రిలో హౌస్ సర్జన్. మా జాతాపు గిరిజనుల ఇళ్ళ నుంచి డాక్టరు చదువుకు వెళ్ళిన కొద్దిమందిలో ఒకతె. కాన్పయిన కొండమనిషి ఒకామె, బిడ్డ వెనక పడే మాయను ఇంటికి తీసుకుపోతామని బతిమాలుకుంటే, నిబంధన ఒప్పుకోదని, ఆసుపత్రి చెత్త వేసే పసుపు సంచిలో వేసి పంపేశారట. ఆమె అత్త ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని శోకాలు పెట్టిందట. ఫోన్ పెట్టేశాక నాకు అన్నం సయించలేదు. రిటైరై ఇంటిపట్టున ఉంటున్నదాన్ని, ఈ వయసులో ఒళ్ళంతా మండిపోయింది.

మా తరం వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, వైద్య కళాశాలలో కొండపిల్లలు ఎంత అరుదో. మా క్లాసులో ఇద్దరమే: నేనూ, ఒక సవర కుర్రాడూ. మార్కులెన్నొచ్చినా మా పేరు కోటా డాక్టర్లే. ప్రజారోగ్యం పాఠం చెప్పే మాస్టారు, కొండవాళ్ళు ఆసుపత్రికి ఎందుకు రారని అడిగి, మూఢనమ్మకమని జవాబు కూడా తానే చెప్పుకునేవారు. అప్పుడు క్లాసు క్లాసంతా మా బెంచీల వైపు తిరిగి నవ్వేది. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ పళ్ళు కొరుక్కుంటాను. ఆ మాస్టారు ఒక్కసారైనా కొండెక్కి ఎవర్నీ అడిగిన పాపాన పోలేదు. సెలవు దొరికితే బొబ్బిలి బస్సెక్కి, అక్కణ్ణుంచి ఇంకో బస్సు పట్టుకుని, ఆపైన కాళ్ళకు పనిచెప్పి, పల్లెపల్లె తిరిగి అడిగింది మేమిద్దరమే.

ఏ ఊళ్ళో అడిగినా ఒకటే జవాబు. మా ఇళ్ళల్లో కాన్పయితే మాయను కొత్త కుండలో పెట్టి చూరు కింద పాతిపెడతారు, బాలింతరాలు ఆ చోటు మీదే కూర్చుని నీళ్ళు పోసుకుంటుంది. ఆసుపత్రిలో దాన్ని బకెట్లో వేసి గోడ వెనక పారబోసేవాళ్ళు, కుక్కలు ఈడ్చుకుపోయేవి. మా వదిన తొలి బిడ్డ అక్కడే పుట్టింది. ఇంటికొచ్చాక నీళ్ళు పోసుకునే చోటు లేక పెరటి చివర పరాయిదానిలా నిలబడి పోసుకుందట. కొన్నాళ్ళకే ఆ బిడ్డ విరేచనాలతో పోయింది. ఎందుకు పోయిందో నా చదువు నాకు చెప్పింది, ఆ తల్లి ఏమనుకుందో అదీ నాకు తెలుసు. రెండోసారి నెలలు నిండుతుంటే ఆమె కాళ్ళు పొంగాయి, రక్తపోటు పైకెళ్ళింది, ఇంట్లోనే కాన్పయితే మనిషి దక్కదని నాకు భయం పట్టుకుంది. ఎంత చెప్పినా వదినది ఒకటే మాట.

"ఓలమ్మీ, బిడ్డనైతే సేతికిస్తారు. మాయనేటి సేస్తారో సెప్పు, అప్పుడొస్తాను."

అప్పటికి మేమిద్దరం అదే ఆసుపత్రిలో హౌస్ సర్జన్లం. పెద్ద డాక్టరమ్మ ముందు నిలబడి, మాయను ఇంటివాళ్ళకు ఇప్పించండని అడిగాం. డాక్టరు చదివినా కొండబుద్ధి పోలేదని ఆవిడ నర్సుల ముందూ ఆయాల ముందూ తీసిపారేసింది. నోట్లో నాలుక లేనివాడని అందరూ అనుకునే ఆ సవర కుర్రాడు అప్పుడు నోరు విప్పాడు. ఊళ్ళోని షావుకారు గారి పిత్తాశయంలోంచి తీసిన రాళ్ళను సీసాలో పెట్టి, ఇంట్లో చూపించుకోండని ఈవిడే నవ్వుతూ ఇచ్చి పంపడం మేమంతా చూశాం.

"సావుకారి కడుపులో రాళ్ళు ఆయనవైతే, మా ఆడోళ్ళ కడుపులోది మీదెలాగవుతాది మేడం?"

ఆవిడ ముఖం గంటుపెట్టుకుని, మీ పూచీ మీద ఏడవండి అంది. అది ఒప్పుకోవడం కాదు, వదిలించుకోవడం. అయినా మాకు అదే చాలు.

వదినను మంచం మీద మోసుకుని కొండ దించారు. ప్రాణం మీదికొచ్చినా తల్లీబిడ్డా ఇద్దరూ దక్కారు. ఆ బిడ్డే ఈ మనవరాలి తండ్రి. మాయను కుండలో పెట్టి మూతకట్టి అన్నయ్య చేతికి నేనే ఇచ్చాను. ఆ సంగతి పల్లెల్లో పాకి, ఎన్ని ఉపన్యాసాలకూ కదలని ఆడవాళ్ళు కాన్పులకు రాసాగారు, మంచాలు చాలక వరండాలో చాపలు పరిచాం.

ఇప్పుడు ఆ ఆసుపత్రి గోడ నిండా మా ఆడవాళ్ళు చేతులు పట్టుకుని ఆడుతున్న బొమ్మలు రంగురంగులుగా వేశారు. మీటింగుల్లో గిరిజన సంస్కృతి అంటూ మైకులు పగిలేలా మాట్లాడతారు. మమ్మల్ని చూసి ఎవరూ నవ్వరు, నిజమే. మర్యాదగా నిబంధన చదివి వినిపించి కాదంటారు. రోగాలు అంటకుండా జాగ్రత్త ఉండాలి, నేనేం కాదనను. కుండ మూత బిగించి, లోతుగా పాతిపెట్టమని దగ్గరుండి చెప్పడం మాకు చేతనైంది, ఇన్ని హంగులున్న వీళ్ళకెందుకు చేతకాదు? మా తరవాత వచ్చే పిల్లలకైనా ఈ గొడవ ఉండదనుకున్నాను, ఎంత వెర్రిదాన్ని! మొన్న ఏడ్చిన ఆ అత్త ఊళ్ళోనే నెలలు నిండిన ఇంకొకామె, ఆసుపత్రి మొహం చూడనని తలుపేసుకుందట. వచ్చే ఆదివారం మా మనవరాలు కొండెక్కి ఆమె గుమ్మంలో కూర్చుంటానంటోంది. మాయను ఇప్పిస్తానని మాటిచ్చే అధికారం మాత్రం, ఇన్నేళ్ళ తరవాత కూడా, ఆ పిల్లకు లేదు.