ఆరంగ్ దారిలో చల్లారిన అన్నం

మా కాలేజీలో అర్థశాస్త్రం చెప్పే మేడమ్ ఒక ప్రశ్న ఇచ్చారు: యాత్రికుల మీద బతికే ఊళ్లు కష్టకాలాన్ని ఎలా తట్టుకుంటాయి? తోటివాళ్లంతా సముద్రతీరాల గురించి రాయడం మొదలుపెట్టారు. నాకు మా రాయ్‌పూరే గుర్తొచ్చింది. ఉక్కు, బియ్యం, రైల్వే ఉన్న ఊరికి యాత్రికులతో పనేమిటని నాన్న నవ్వారు. కానీ సిర్‌పూర్ పాత గుళ్లు చూడ్డానికి వచ్చేవాళ్లలో చాలామంది దిగేది మా స్టేషన్‌లోనే. వాళ్లను తిప్పే డ్రైవర్లూ, దారిలో అన్నం పెట్టేవాళ్లూ ఈ ఊరి మనుషులే. వాళ్లెలా ఉన్నారో చూద్దామని, లాక్‌డౌన్లు ముగిశాక వచ్చిన వేసవిలో ఒక ఆదివారం ఆరంగ్ బయలుదేరాను.

మోవాలో మా ఇంటి నుంచి ఆటోలో బస్టాండుకు వెళ్లి, ఏడింటికి మహాసముంద్ బస్సు ఎక్కాను. ఆరంగ్‌కు గంట పైన పట్టింది, టికెట్ యాభై రూపాయల లోపే. ఎండ ముదరకముందే ఊళ్లోని పాత జైన దేవాలయం చూశాను. గోడల నిండా శిల్పాలే. చుట్టూ తిరిగే కొద్దీ ‘చెక్కడం’ అనే మాట నోట్లో బెల్లంముక్కలా కరిగింది. రాయి అంత మెత్తగా మాట్లాడగలదని అప్పటిదాకా నాకు తెలియదు.

పదింటికి హైవే పక్కనున్న సరోజ పిన్ని భోజనశాలకు చేరాను. పిన్ని మా అమ్మకు రైల్వే క్వార్టర్ల నాటి స్నేహితురాలు, సొంతూరు శ్రీకాకుళం వైపు. లాక్‌డౌన్‌లో యాత్రికుల బళ్లు ఆగిపోతే దగ్గర్లోని రైస్ మిల్లు కూలీలకు క్యారేజీలు పంపి పొయ్యి ఆరనివ్వలేదు. తర్వాత బళ్లు తిరగడం మొదలైనా, నెలకోసారి ఏదో ఒక ఆందోళన, రోడ్డు మూత. పక్కనున్న టైర్ల షాపాయన ఈ స్థలం తనకిమ్మని అడుగుతున్నాడు. సాయంత్రంలోగా చెప్పాలి. విజయనగరం నుంచి వచ్చిన ముప్పైమంది బృందం సిర్‌పూర్ చూసుకుని మధ్యాహ్నం ఇక్కడికి భోజనానికి వస్తోంది. ఏటా ఇలాంటి బృందాల్ని తీసుకొచ్చే రిటైర్డ్ మాస్టారికి తిండి నచ్చి, ఇకపై ఇక్కడే ఆగుతామంటే భోజనశాల ఉంటుంది. లేకపోతే టైర్లే.

ఈ దారిలో ఒక పద్ధతి ఉంది. బస్సు సిర్‌పూర్‌లో కదలగానే డ్రైవర్ ఫోన్ చేస్తాడు, ఆ ఫోన్‌తోనే ఇక్కడ ఎసరు పెడతారు. బండి ఆగేసరికి అన్నం పొగలు కక్కుతూ ఉంటుంది. డ్రైవర్ దేవ్‌లాల్ భయ్యా పదకొండున్నరకు ఫోన్ చేశాడు. పిన్ని బియ్యం పోసింది. నేను ఉల్లిపాయలు తరుగుతూ కూర్చున్నాను. అన్నం వార్చిన కాసేపటికి మళ్లీ ఫోన్. మహానది వంతెనకు అవతల చక్కా జామ్, అంటే రాస్తారోకో, రైతులు ట్రాక్టర్లు అడ్డం పెట్టి కూర్చున్నారు, ఎప్పుడు వదులుతారో తెలియదు.

ఒంటిగంట దాటింది. రెండూ దాటింది. గుండిగల్లో అన్నం చల్లారి గట్టిపడింది. మళ్లీ వండుదామంటే ఆదివారం, బియ్యం తెచ్చుకునే మిల్లు మూత, ఇంట్లో మిగిలింది నాలుగు దోసిళ్ల బియ్యం. పిన్ని గడప మీద కూర్చుని, టైర్లాయనకు ఇప్పుడే చెప్పేస్తే పోలేదా అంది.

మూడింటికి దారి తెరిచారని దేవ్‌లాల్ భయ్యా చెప్పాడు. డీజిల్ మిగుల్చుకోవడానికి ఏసీ ఆపేశానని, జనం వడలిన తోటకూరలా ఉన్నారని, వేడన్నం పెడితే తననే తిట్టిపోస్తారని హిందీలో వేళాకోళమాడాడు. పిన్ని ఫోన్ పెట్టేసి గుండిగల వైపు చూసింది. తర్వాత లేచి కొంగు దోపుకుంది.

“బోరే పెట్టేద్దాం.”

పొద్దున వండిన అన్నంలో చల్లటి నీళ్లు పోసి అదే పూట తినడాన్ని ఛత్తీస్‌గఢ్‌లో బోరే అంటారు. రాత్రంతా నానితే బాసీ. పొలాలకు వెళ్లేవాళ్ల తిండి. డబ్బిచ్చి వచ్చేవాళ్లకు అదేమిటని అడిగాను.

“పరువు పోద్దనే కదా ఇన్నాళ్లూ పెట్టలేదు. పోతే పోనీయే. ఆకలితో పంపడం కన్నా పరువు పెద్దదేటి?”

కుండనీళ్లు పోసి, పెరుగు కలిపి, ఉల్లిపాయ, పచ్చిమిరప, కాల్చిన టమాటా చట్నీ, వేయించిన వడియాలు పక్కన పెట్టాం. బస్సు దిగినవాళ్లు మాట్లాడే ఓపిక లేక బెంచీల మీద కూలబడ్డారు. మాస్టారు గిన్నెలోకి చూసి కళ్లజోడు సర్దుకున్నారు. పిన్ని గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆయన ఒక ముద్ద తిని, మిరపకాయ కొరికి, మళ్లీ వేయమని గిన్నె ముందుకు చాచారు. ఆ తర్వాత అందరి గిన్నెలూ ముందుకు వస్తూనే ఉన్నాయి. “ఇంట్లో చద్దన్నం పెడితే అలుగుతారు కదండీ” అని ఆయన భార్య దెప్పింది. ఇది చద్దన్నం కాదు, విహారయాత్ర అన్నారాయన.

చేయి కడుక్కుని పిన్ని దగ్గరికొచ్చారు. “అమ్మా, మా బళ్లన్నీ ఇక ఇక్కడే ఆగుతాయి. వేసవిలో మాత్రం వేడన్నం పెట్టారా, దిగకుండానే వెళ్లిపోతాం.”

పిన్ని టైర్ల షాపులోకి వెళ్లి రెండు నిమిషాల్లో తిరిగొచ్చింది. స్థలం ఇవ్వనని చెప్పి, షాపాయన్ని కూడా బోరే తినడానికి రమ్మందట. వచ్చాడు కూడా.

తిరుగు బస్సులో నా జవాబు రాసుకున్నాను. యాత్రికులు వచ్చినప్పుడు వాళ్లకు, రానప్పుడు పక్కింటివాళ్లకు వండగలిగిన ఊరు పడిపోదు. దారులు మూసేవాళ్లు ఉంటారు, జబ్బులొస్తాయి, ప్రభుత్వాలు మారతాయి. తాను తినే తిండిని చూసి సిగ్గుపడటం మానుకున్న ఊరికి అమ్ముకోవడానికి ఎప్పుడూ ఏదో ఒకటి ఉంటుంది. రాయ్‌పూర్ అలాంటి ఊరని ఆ రోజు గర్వపడ్డాను. మీరు వెళితే ఒక్క మాట: ఆ దారిలో ఏ భోజనశాలలో కూర్చున్నా, స్పెషల్ ఏమిటని అడక్కండి. ఇవాళ మీరేం తిన్నారని వండినవాళ్లను అడిగి, అదే పెట్టించుకోండి.