నకాబ్ పైన కనపడే నవ్వు

సల్మా టీచర్ మా క్లినిక్‌కి వస్తోందని నాకు మొదట చెప్పింది మేరీ. మా రిసెప్షన్‌లో కూర్చునే ఫిలిప్పీన్స్ అమ్మాయి. పోయినేడు ఎండలు ముదురుతున్న రోజులు. మధ్యాహ్నం జుహర్ నమాజు ముగించుకుని నేను బయటికి రాగానే, "నసీమా, మీ పాపకు చదువు చెప్పే టీచర్ రేపు వస్తోంది. బొటాక్స్ కావాలట" అంది.

నేను నమ్మలేదు. అక్కలాంటి సల్మా ఆపాది ప్రొద్దుటూరు. మాది కడప. ఇక్కడ మస్కట్‌లో చిన్నపిల్లల నర్సరీలో టీచరుగా చేస్తోంది. నా కూతురు మొదటి అక్షరాలు దిద్దింది ఆమె దగ్గరే. ఎంత ఎండైనా బయట నకాబ్ వదలని మనిషి. ముఖంలో కళ్ళు తప్ప ఏదీ ఎవరికీ కనపడదు. అలాంటామెకు ముఖం మీది గీతలు పోగొట్టే బొటాక్స్ సూది ఏంటికి? ఆ రాత్రంతా నాకు అదే ఆలోచన.

నా ఉద్యోగం పేరు పేషెంట్ కోఆర్డినేటర్. డాక్టర్ చెప్పేది పేషెంట్ భాషలోకి, పేషెంట్ భయం డాక్టర్ చెవికి చేరవేయడం నా పని. అద్దం పట్టుకునేదీ నేనే. నేను బడికి పోలేదు. మా అబ్బా దుకాణం కట్టేసి వచ్చాక ఇంట్లోనే కూర్చోబెట్టి తెలుగు, ఉర్దూ నేర్పాడు. ఇక్కడికొచ్చాక పనిలో పట్టుబడిన ఇంగ్లీషుతో కలిసి ఆ రెండు భాషలే నాకు అన్నం పెడుతున్నాయి. అల్లాహ్‌కు వెయ్యి షుకర్లు. అయినా ఈ పని మంచిదేనా అన్న సందేహం నాలో ఎప్పుడూ ఒక మూల ఉంటుంది. దేవుడిచ్చిన ముఖాన్ని మార్చడం తప్పని కొందరు పెద్దలంటారు, మనసుకు బాధ కలిగించే లోపాన్ని సరిచేసుకోవడం వేరని కొందరంటారు. ఎవరి మాట పట్టుకోవాలో నాకు ఇప్పటికీ తేలలేదు.

మరుసటి రోజు సల్మా ఆపా వచ్చింది. కన్సల్టేషన్ గదిలో నకాబ్ తలపైకి ఎత్తి, నన్ను చూసి తల దించుకుంది.

"నవ్వుకుంటాండావా నసీమా?"

"అయ్యో, అదేం మాట ఆపా!"

"నవ్వుకో, ఏం కాదు. నాకే నవ్వొస్తాంది. ఈ వయసులో సూదులు పొడిపించుకోను వచ్చినా."

సంగతి మెల్లగా చెప్పింది. నర్సరీ క్లాసుల్లో కెమెరాలు పెట్టారట. తల్లిదండ్రులు ఫోన్లో పిల్లల్ని ఎప్పుడైనా చూసుకోవచ్చు. తండ్రులూ చూస్తారు కదా, అందుకని ఇదివరకు క్లాసులో తీసేసే నకాబ్‌ను ఆమె ఇప్పుడు రోజంతా ఉంచుకుంటోంది. ఒకరోజు ఒక ఒమానీ పాప ఒళ్ళో కూర్చుని, ఆమె కళ్ళలోకి చూసి, "టీచర్, జఅలానా?" అనడిగింది. కోపమొచ్చిందా అని. అప్పట్నుంచి ఒకరిని చూసి ఒకరు, పిల్లలంతా అదే అడగడం. పిల్లలు ఇంట్లో కూడా చెప్పారు. మేనేజర్ పిలిచి, వచ్చే టర్మ్‌లోగా పిల్లలు నీతో కుదురుకోకపోతే క్లాసు నుంచి తీసి బస్సు డ్యూటీలో వేస్తానంది.

"పిల్లలు లేని ఉద్యోగం నాకేంటికి? కనపడేది ఈ కళ్ళే కదా. వీటి చుట్టూ ఉండే గీతలన్నీ తీసేయమని చెప్పు డాక్టరమ్మకు. అన్నీ."

డాక్టర్ సిరియా దేశస్థురాలు. నెమ్మదైన మనిషి. ఆమె ఇంగ్లీషులో చెప్తుంటే నేను తెలుగులో చెప్పాను. బొటాక్స్ కండరాన్ని కొన్ని నెలలు సడలిస్తుంది, కదిలించినప్పుడు పడే గీతలకు పనికొస్తుంది. ఫిల్లర్ అంటే జెల్, గుంట పడిన చోట నింపుతారు. స్కిన్ బూస్టర్ చర్మానికి తేమనిస్తుంది గానీ ముఖం ఆకారం మార్చదు. సల్మా ఆపాకు కనుబొమల నడుమ, కోపంలా కనపడే రెండు నిలువు గీతలున్నాయి. కళ్ళ కింద కొంచెం గుంటలు. కళ్ళ పక్కన విసనకర్రలా విచ్చుకునే సన్నగీతలు. వీటిని మా వాళ్ళు క్రోస్ ఫీట్ అంటారు, కాకి కాలి గుర్తుల్లా ఉంటాయని.

"గుంటలు నింపితే కొందరికి ఉబ్బినట్టు కనిపిస్తుంది. అది తర్వాత చూద్దాం. గీతలకు బొటాక్స్ చాలు" అంది డాక్టర్.

ఆపా నా చెయ్యి పట్టుకుంది. "నువ్వైతే ఏది చేయించుకుంటావు?"

రోజూ ఈ మాటలే పదిమందికి చెప్పే నాకు ఆ క్షణాన ఒక్కటీ అర్థం కాలేదు. డాక్టర్‌ను నమ్ము ఆపా అన్నాను, అంతే.

తెల్ల పెన్సిల్‌తో డాక్టర్ నడిమి గీతల దగ్గరా, కళ్ళ పక్కనా చుక్కలు పెట్టింది. ఐసు ముక్కతో చల్లబరుస్తున్నాం. అప్పుడు ఒక్కసారిగా తలుపు తెరుచుకుంది. మెట్ల నిచ్చెన భుజాన వేసుకుని రాజన్న. జగిత్యాల మనిషి, మా బిల్డింగ్ ఏసీలు చూస్తాడు. గదిలో ఏసీ నుంచి నీళ్ళు కారుతున్నాయని పొద్దున నేనే ఫోన్ చేశాను. గది ఖాళీగా ఉందనుకుని మేరీ పంపేసింది. ఆపా చటుక్కున నకాబ్ కిందికి లాక్కుంది. రాజన్న గోడ వైపు తిరిగిపోయాడు.

"మాఫ్ జెయ్యి అక్కా! నేనేం జూడలే, ఏసీనే జూసిన. అది గూడ మొఖం దాసుకుంటున్నది, ఫిల్టర్ నిండ దుమ్మే!"

నాకు సిగ్గు, కోపం. ఆయన నిచ్చెనతో గోడ వెంబడే పక్కకి నడిచి, తలుపు బదులు బీరువాకు గుద్దుకుని, "ఇదెక్కడి దర్వాజరా బై" అని గొణుక్కుంటూ ఎట్లాగో బయటపడ్డాడు.

డాక్టర్‌కు తెలుగు ఒక్క ముక్క రాదు. ఆయన ఏమన్నాడో ఆమెకు తెలియదు. కానీ చేతిలో సిరంజి అలాగే పట్టుకుని ఆపాను చూస్తూ ఉండిపోయింది.

"ఆమె నవ్వుతోంది" అంది నాతో. "ముఖం మూసి ఉంది. నాకెలా తెలిసింది?"

సిరంజి ట్రేలో పెట్టేసింది. అద్దం పట్టమంది. నకాబ్ అలాగే ఉంచి నవ్వమంది ఆపాను. ఆపా నవ్వింది. కళ్ళ పక్క గీతలు విచ్చుకున్నాయి. డాక్టర్ రెండు వేళ్ళతో ఆ గీతల్ని సున్నితంగా అదిమి పట్టి, "ఇప్పుడు నవ్వు" అంది. లోపల పెదవులు నవ్వుతూనే ఉండాలి, నల్లబట్ట కొంచెం కదిలింది కూడా. అద్దంలో మాత్రం మా ముగ్గురికీ తెలియని ఎవరో ఆడమనిషి మమ్మల్ని ఊరికే చూస్తోంది.

ఆపా అద్దం పక్కకు నెట్టింది.

"ఇదేం తిరకాసు నసీమా? కోపం పోవల్లని వచ్చినా. నవ్వు కూడా పోతాదంట."

మేము ఎన్నో ఏళ్ళుగా పేషెంట్ల చేత నకాబ్ తీయించాకే ఫోటోలు తీస్తున్నాం. ముందు, తర్వాత పోల్చి చూడడానికి అదే పద్ధతి. కానీ ఈమెను లోకం చూసేది ఆ ఫోటోలో ఉన్నట్టు కాదు కదా! ఈ మాట మా ముగ్గురికీ అప్పటిదాకా తట్టలేదు.

డాక్టర్ కళ్ళ పక్క చుక్కల్ని దూదితో తుడిచేసింది. ఆ రోజు ఏమీ చేయకుండా పంపేసింది, ఆలోచించుకుని రమ్మని. మెట్లు దిగుతూ ఆపా, "ఈ గీతలు ఒకసారి తీస్తామంటారు, ఒకసారి ఉంచుకోమంటారు, నా ముఖం గురించి నాకే తెలీకుండా పోయింది" అంది. ఆ సాయంత్రం మగ్రిబ్ నమాజులో ఆమెకు మంచి దారి చూపమని అడుక్కున్నాను. ఏది మంచిదో తెలియక, పేరు పెట్టి ఏదీ అడగలేకపోయాను.

వారం దాటాక వచ్చింది. కనుబొమల నడుమ మాత్రం చేయించుకుంది, అదీ తక్కువ మోతాదులో. కళ్ళ పక్క గీతలు అలాగే. కళ్ళ కింద ఫిల్లర్ వద్దనుకుంది. బొటాక్స్ పూర్తిగా పట్టడానికి కొన్ని రోజులు పడుతుంది కాబట్టి తిరిగి చూపించుకోవడానికి రమ్మన్నాం. వచ్చింది. నకాబ్‌తోనే ఫోటోలు తీశాం ఈసారి, నవ్వకుండా ఒకటి, నవ్వుతూ ఒకటి.

"ఆ పాప అడిగిందా మళ్ళీ?" అన్నాను.

"ఒకసారి అడిగింది. జఅలానా అని. నేను నవ్వినా. నా కంటి పక్కన ఏలు పెట్టి, 'లా, లా' అనింది. కాదు, కాదు అని." ఆపా నకాబ్ సర్దుకుంది. "మందు పని చేసిందో, ఇప్పుడు నేను ఎక్కువ నవ్వుతాండానో తెలీదు మే."

నాకూ తెలీదు. టర్మ్ మారినా ఆమె క్లాసు ఆమెకే ఉంది, అది మాత్రం తెలుసు. సహజంగా కనిపించాలి అని ప్రతి పేషెంటూ అడుగుతారు. ఎవరికి కనిపించాలి, ఎలా కనిపిస్తారు అని నేను ఇప్పుడు తిరిగి అడుగుతాను. జవాబు విన్నాక కూడా ఒక్కోసారి అయోమయమే మిగులుతుంది. అయినా అడిగాకే అద్దం పడతాను.

తన మాటకే ఆపా నవ్విందనీ, ఆ నవ్వే డాక్టర్ సూదిని ఆపిందనీ రాజన్నకు తెలియదు. ఆ రోజు తలుపు తట్టకుండా లోపలికి వచ్చినందుకు మేరీ తిట్టిందని మాత్రం గుర్తుంది ఆయనకు. నేను చెప్పబోతే, "గా ముచ్చట మల్ల దియ్యకు చెల్లె, ఇజ్జత్ పోయింది" అని నిచ్చెనెత్తుకుని పోతాడు. ఈ ఎండల్లో మేడల మీద, వేడి కక్కే ఏసీ డబ్బాల పక్కన పని చేస్తుంటాడు. మీరు ఏ దేవుడికి చేతులెత్తినా సరే, ఒక్కసారి జగిత్యాల రాజన్నను తలచుకోండి.