ఆరో ఇంట శని

నిన్న పొద్దున్న పార్కులో నాలుగు చుట్లు నడిచి బెంచీ మీద కూలబడ్డానో లేదో, రోజూ నా పక్కన కూర్చునే ఒకావిడ, మోకాళ్ల నొప్పుల్లోనూ మతిమరుపులోనూ నాకు సరిజోడు, ఫోను నా ముక్కు దగ్గర పెట్టి శని రాశి మారుతున్నాడట, మీది ఏ రాశో చెప్పండి, ఇక్కడ నొక్కితే చాలు అంతా వచ్చేస్తుంది అంది. నాకు తెలీదండీ అన్నాను. పచ్చి అబద్ధం. నాదే కాదు, తొంభైల మొదట్లో మా వీధిలో కాపురమున్న వాళ్లందరి రాశులూ నాకిప్పటికీ నోటికి వచ్చు. ఒక్కాయనది మాత్రం తప్పుగా నేర్చుకున్నాను. ఆ సంగతి ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు. నా ఈడు వాళ్లకైతే ఆ రోజులు ఎలాంటివో విడమరిచి చెప్పక్కర్లేదు కనుక, మీకు చెబుతున్నాను.

మాది శ్రీకాకుళం వైపు. మా నాన్న రైల్వేలో గుమాస్తా ఉద్యోగం దొరికి సికింద్రాబాద్ వచ్చి, సీతాఫల్‌మండిలో రెండు గదుల పోర్షన్‌లో దిగి, మళ్లీ కదల్లేదు. మా అమ్మ నా చిన్నప్పుడే పోయింది. ఊరి నుంచి నాన్న తెచ్చుకున్న ఆస్తి అంతా ఒక ట్రంకు పెట్టెలో పట్టేది, అందులో మా తాతగారి నాటి నుంచీ ఏ ఏటికా ఏడు పోగుచేసిన పంచాంగాలు, పురికొసతో కట్టలు కట్టి ఉండేవి. జాతకాలు వేసేవాడు కాదు, ముహూర్తాలు పెట్టేవాడు కాదు, అది తన చదువు కాదనేవాడు. ఆయనకి తెలిసింది గోచారం. అంటే మనం పుట్టిన రోజున చంద్రుడు ఏ రాశిలో ఉన్నాడో చూసుకుని, ఇవాళ శని, గురువు లాంటి గ్రహాలు ఆ రాశి నుంచి ఎన్నో ఇంట్లో తిరుగుతున్నాయో వేళ్ల మీద లెక్కపెట్టి, కాలం ఎలా ఉందో చెప్పడం. ఎనిమిదో ఇంట శని అంటే గండం, ఆరో ఇంట శని అంటే రోగాలూ శత్రువులూ పారిపోతారు, ఇలాగన్నమాట.

ఆయనకి ఒక పద్ధతుండేది. ఎవరికైనా కాలం బాగాలేదని చెప్పాల్సి వస్తే, అది ఎప్పటితో పోతుందో కూడా చెప్పి తీరేవాడు. గడువు చెప్పకుండా చెడు చెప్పడం మహాపాపం అనేవాడు. ఎవరి దగ్గరా చిల్లిగవ్వ పుచ్చుకునేవాడు కాదు. ఆయన దగ్గరికి ఏడుస్తూ వచ్చిన వాళ్లు ఫలానా నెల దాకా ఓర్చుకుంటే చాలనుకుని కళ్లు తుడుచుకుని వెళ్లేవారు, అది చూసి నాకు నాన్న అంటే ఎంత గర్వంగా ఉండేదో! ఆ మంచి గుణమే కొంప ముంచుతుందని ఎవరనుకుంటారు.

మా ఎదురు పోర్షన్‌లో బందరు నుంచి వచ్చి స్థిరపడిన క్రైస్తవ కుటుంబం ఉండేది. ఆవిడ ఒక బడిలో టీచరు, ఆయన సెక్రటేరియట్‌లో పనిచేసేవాడు, పిల్లల్లేరు. ఆవిడ నాన్నని అన్నయ్యగారూ అని పిలిచేది కనుక నాకు ఆవిడ అత్తయ్య, ఆయన మావయ్య అయిపోయారు. మావయ్యది కంచు గొంతు. ఆదివారం గుడికి వెళ్లే ముందు పెరట్లో మొహం కడుక్కుంటూ ఆయన పాడుతుంటే, మా పక్క స్నానాల గదిలో చెంబు కింద పెట్టి వినేదాన్ని. నేనప్పుడే రెజిమెంటల్ బజార్‌లో ఒక ఆఫీసులో టైపిస్టుగా చేరాను, ఏం టైపిస్టమ్మా, ఇవాళ ఎన్ని తప్పులు కొట్టావు అని రోజూ ఏడిపించేవాడు. అలాంటి మనిషి పాట మధ్యలో ఆగి ఊపిరి తీసుకోవడం మొదలుపెట్టాడు. తర్వాత స్టేషన్ దగ్గర వంతెన మెట్లు ఎక్కేటప్పుడు రెండుచోట్ల ఆగేవాడు. గుండెలో కవాటం మూసుకుపోతోందనీ ఆపరేషన్ తప్పదనీ డాక్టర్లు తేల్చి, తేదీ కూడా ఇచ్చారు.

ఆ తేదీకి పదిరోజులుందనగా, సాయంత్రం దీపాలు పెట్టే వేళ, అత్తయ్య పెరటి తలుపు లోంచి వచ్చింది. ఎప్పుడూ వీధి గుమ్మం లోంచి దర్జాగా వచ్చే మనిషి అలా రావడం చూసి నేను పొయ్యి మీద పాలు కూడా మరిచిపోయాను. “మా పాస్టరుగారికి తెలిస్తే బాగుండదు అన్నయ్యగారూ. మా ఆయనకీ తెలీదు నేనిక్కడికొచ్చినట్టు. ప్రార్థన చేస్తూనే ఉన్నాను, అయినా ఈ భయం పోవట్లేదు. ఒక్కసారి చూసి చెప్పండి” అని, చాప మీద కూడా కూర్చోకుండా గోడకి ఆనుకుని నిలబడింది.

నాన్న పుట్టిన తేదీ అడిగాడు. సర్టిఫికెట్‌లో తేదీ వద్దన్నాడు. మీకు తెలిసిందే కదా, మన ముందుతరం వాళ్లందరూ హెడ్మాస్టర్ల దయవల్ల జూన్ నెలలోనే పుట్టారు, బళ్లో చేర్చుకోవడానికి ఏది కుదిరితే అది రాసేసేవారు. నాన్న ఆ తేదీలు నమ్మి ఎప్పుడూ గోచారం చెప్పలేదు, అంత జాగ్రత్త మనిషి. తన అత్తగారి బైబిల్లో ఆవిడ చేత్తో రాసిన తేదీ ఉందని గుర్తు తెచ్చుకుని, అత్తయ్య ఇంటికి పోయి, బైబిల్లో కొడుకు పేరు పక్కనున్న తేదీని కాగితం మీద రాసుకొచ్చింది. తల్లి స్వహస్తాలతో రాసుకున్న తేదీ కంటే నమ్మకమైనది ఇంకేముంటుందని నాన్న సంతోషించాడు.

నాన్న కళ్లకి అప్పటికే శుక్లాలు వస్తున్నాయి, సన్న అక్షరాలు కనిపించేవి కావు, అందుకని పంచాంగం చదివే పని నాది. నేనే ట్రంకు పెట్టె తెరిచి, ఆ ఏటి పంచాంగం వెతికి, పురుగులు తిన్న ఆ పేజీలో ఆ తేదీ పట్టుకుని, ఆదివారం, పునర్వసు నక్షత్రం, రెండో పాదం అని పైకి చదివాను. మిథున రాశి అన్నాడు నాన్న. ఆదివారం అని నా నోటితో నేనే చదివాను, అది గుర్తుంచుకోండి. చదివి కూడా నాకేమీ తట్టలేదు. తట్టడానికి మాకు వాళ్ల ఆచారాలేం తెలుసు, క్రిస్మస్‌కి కేకు తెచ్చిస్తే తినడం తెలుసు.

శని మకరంలో ఉన్నాడు, మిథునానికి ఎనిమిదో ఇల్లు. గురువు కన్యలో ఉన్నాడు, నాలుగో ఇల్లు. రెండూ చెడ్డవే. నాన్న పంచాంగం మూసెయ్యమన్నాడు. “కత్తి పడవలసిన కాలం కాదమ్మా ఇది. ఇంకో రెండు నెలలాగితే శని ఇల్లు మారిపోతాడు, ఆ గండం కాస్తా గట్టెక్కేస్తుంది. డాక్టర్నడిగి, పరవాలేదంటేనే ఆగండి సుమా” అన్నాడు. డాక్టరు ఏమన్నాడో అత్తయ్య మాకు చెప్పలేదు, నాన్న మళ్లీ అడగలేదు. తేదీ మాత్రం వాయిదా పడింది. బడికి వేసవి సెలవులిస్తే దగ్గరుండి చూసుకుంటానని మావయ్యకి చెప్పిందట. ఆయన అదే నమ్మి, అంతదాకా ఈ గుండె నా మాట వింటుందిలే టైపిస్టమ్మా అని నాతోనే అన్నాడు. నేను నవ్వాను. అసలు కారణం తెలిసిన దాన్ని, నిలబడి నవ్వాను.

పంచాంగం ప్రకారం శని మారడానికి ఇంకా పంతొమ్మిది రోజులుందనగా, నేను ఆఫీసుకి బయల్దేరుతుంటే ఒక ఆటో వచ్చి మా వాకిట్లో ఆగింది. “అమ్మా, గీ సారు మీ తానుండెటోడేనా? వంతెన మెట్ల మీదనే కూలబడ్డడు. నీళ్లు తాపినం, మింగలే” అని ఆ డ్రైవరు చెబుతూనే ఉన్నాడు, వెనక సీట్లో ఒరిగిపోయిన మావయ్య ఒళ్లో టిఫిను డబ్బా అలాగే ఉంది. అదే ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లారు, తీసుకెళ్లి లాభం లేకపోయింది. అత్తయ్య అరవలేదు, ఏడవలేదు. నాన్న వైపు చూసి, మీరు చెప్పారు అన్నయ్యగారూ, కాలం బాగాలేదని మీరు ముందే చెప్పారు అంది.

వారం తర్వాత ఆదరణ కూటం పెట్టారు. చనిపోయిన వాళ్ల ఇంటివాళ్లని ఓదార్చడానికి నలుగురూ చేరి ప్రార్థన చేస్తారు, మేమూ వెళ్లి వెనక కుర్చీల్లో కూర్చున్నాం. అచ్చువేసిన కార్డు ఒకటి అందరికీ పంచారు, మావయ్య ఫొటో కింద జననం అని ఒక తేదీ ఉంది. నాన్నకి కనిపించదని నేనే చదివి చెప్పాను. చదువుతూ ఆగిపోయాను, అది మా దగ్గరున్న తేదీ కాదు. నాన్న లేచి, బందరు నుంచి వచ్చిన మావయ్య అక్కగారి దగ్గరికి మెల్లగా వెళ్లి, అచ్చుతప్పు పడ్డట్టుందమ్మా అన్నాడు.

ఆవిడ కన్నీళ్లతోనే నవ్వింది. “తప్పేం కాదండీ, ఆ తేదీ నేనే వేయించాను. వాడు పుట్టింది మంగళవారం, నేనప్పుడు ఎనిమిదేళ్ల దాన్ని, నాకు బాగా గుర్తు. నెలన్నర తర్వాత ఆదివారం గుళ్లో బాప్తిస్మం ఇప్పించారు. మా అమ్మ బైబిల్లో బాప్తిస్మం రోజే రాసుకునేది, దేవుడి బిడ్డ అయిన రోజే అసలు పుట్టినరోజు అనేది” అంది.

ఇంటికొచ్చాక నాన్న చెప్పులు కూడా విప్పలేదు. పెట్టె తియ్యమన్నాడు. తీశాను. ఆ మంగళవారం మఖ నక్షత్రం, సింహరాశి. మకరంలో శని సింహానికి ఆరో ఇల్లు, కన్యలో గురువు రెండో ఇల్లు. నాన్న వేళ్ల మీద లెక్కపెట్టాడు, మళ్లీ లెక్కపెట్టాడు, నన్ను లెక్కపెట్టమన్నాడు, నాకూ ఆరే వచ్చింది. మేం ఆగమన్న ఆ రోజుల్లోనే శని రోగాన్ని తరిమేసే చోట కూర్చుని ఉన్నాడు, శని ఏ ఇంట్లోకి వచ్చేదాకా ఆగమన్నామో, ఆ ఏడో ఇంట్లోనే ఆయన మంచి చెయ్యడు. “ముప్పై ఏళ్లకోసారి వస్తుంది ఇలాటి కాలం. ఎవరి చంద్రుణ్ణో పట్టుకొని ఎవరికి చెప్పీసేనే తల్లీ” అని నాన్న గుమ్మం మీద కూర్చుండిపోయాడు.

ఆవిడకి చెబుదామని నేనన్నాను. చెబితే ఏమవుతుందో ఇద్దరం ఆలోచించాం. ఇప్పుడు ఆవిడ విధి అనుకుని మింగుతోంది, తన చేత్తో తేదీ రాసిచ్చి తన చేత్తో వాయిదా వేయించానని తెలిస్తే బతకదు. అందుకని నోరు మూసుకున్నాం. అది దయో పిరికితనమో నాకు ఇవాళ్టికీ తేలలేదు.

అక్కడితో అయితే ఎలాగో ఉండేది. మా ఇంటి ఓనరామె, నోరు మంచిదే కానీ ఆగదు, వీధి వీధంతా చాటింది. “అయ్యగారు ముందుగాలనే చెప్పిండు, శని మంచిగ లేడని. గట్ల చెప్పెటోడు సికింద్రాబాద్ల ఇంకొకడు లేడు” అని బన్సీలాల్‌పేట్ నుంచి తన చుట్టాలని కూడా తోలుకొచ్చింది. ఆ ఉగాదికి మా వాకిట్లో ఎప్పుడూ లేనంత జనం. నాన్న లోపల గదిలోంచి రాలేదు. కళ్లు కనిపించడం లేదని చెప్పమన్నాడు, చెప్పాను. చదివిపెట్టడానికి నువ్వున్నావు కదా అన్నారు వాళ్లు, నాకు చదవడం రాదని కూడా చెప్పాను. తర్వాత శుక్లాలు ముదిరాయి, గంటలో అయిపోయే ఆపరేషన్, ఎంత బతిమాలినా చేయించుకోలేదు. చూపొస్తే మళ్లీ ఎవరో కాగితం పట్టుకొస్తారు అనేవాడు. రిటైరయ్యాక గోడ పట్టుకుని నడిచేవాడు.

అత్తయ్య బందరు వెళ్లిపోయింది. ఏటా క్రిస్మస్‌కి ఉత్తరం రాసేది, మీ మాట విన్నాను కనుకే ఆయన కోత లేకుండా ప్రశాంతంగా వెళ్లిపోయారనీ మిమ్మల్ని రోజూ ప్రార్థనలో తలుచుకుంటాననీ. ఆ ఉత్తరాలు నాన్నకి చదివి వినిపించాల్సింది నేనే కదా. రెండేళ్లు చదివాను. మూడో ఏడు నుంచి ఉత్తరం రాలేదని చెప్పాను. నాన్న ఆఖరి రోజుల్లో మంచం పట్టాడని ఎలా తెలిసిందో, ఆవిడ రైలెక్కి వచ్చి, మంచం పక్కన కూర్చుని, ఆయన చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుని ప్రార్థన చేసింది, ఇంత మేలు చేసిన మనిషికి మేలు చెయ్యమని దేవుణ్ణి అడిగింది. నాన్న ఆ చెయ్యి వెనక్కి లాక్కోవడానికి రెండుసార్లు ప్రయత్నించడం నేను చూశాను. బలం చాలలేదు. ఆవిడ నీరసం అనుకుని ఇంకా గట్టిగా పట్టుకుంది.

అందరూ పోయారు. ఇప్పుడా పోర్షన్లు లేవు, అపార్ట్‌మెంట్లు లేచాయి, పెరటి తలుపంటే ఏమిటో కూడా పిల్లలకి చెప్పాలి. శని ఇప్పటికీ మారుతూనే ఉన్నాడు, మారినప్పుడల్లా నలభైమంది నలభై రకాలుగా చెబుతారు, తప్పితే చెప్పినవాడికీ గుర్తుండదు, విన్నవాడికీ గుర్తుండదు. నాకు గ్రహాల మీద నమ్మకం పోయి చాలా ఏళ్లయింది, నా మటుకు అది మూసుకుపోయిన కవాటం, రెండు నెలల ఆలస్యం, అంతే. ఆ ఆపరేషన్ జరిగినా మావయ్య బతికేవాడో లేదో ఎవరికి తెలుసు అని నాకు నేను చెప్పుకుని నిద్రపోగలను. నాన్నకి ఆ వీలు లేకపోయింది. ఆయన నమ్మాడు, ఆరో ఇంట శని ఉన్నాడు కనుక ఆ మనిషి తప్పకుండా బతికేవాడని ఆయన శాస్త్రమే ఆయనకి చెప్పింది, ఆ బాధకి గడువు లేదు.