జేజి ఫోను వెనక బస్సులో వచ్చింది

మా జేజి, అంటే మా నాయనమ్మ, పాటలు కడుతుంది. కలుపు తీస్తూ కడుతుంది, అంట్లు తోముతూ కడుతుంది. రాయడం రాదు కాబట్టి ఫోన్లో పాడి దాచుకుంటుంది. లేకపోతే మర్నాటికి సగం మర్చిపోతుంది. కడపలో చర్చి స్త్రీల కూడికకు కొత్త పాట పాడమని పిలుపొచ్చింది. ఆమెను తీసుకెళ్లే పని నాకు పడింది.

కర్నూలులో పొద్దున ఆరింటికి ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా కడపకు ఐదు గంటల దారి. నా టికెట్టు మూడు వందల దాకా అయింది. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు ఉచితం. జేజి కార్డు ఇంట్లో మర్చిపోయి, ఫోను తీసి కండక్టర్ చేతిలో పెట్టింది. "ఫొటో దీంట్లో ఉండాది. అద్దాల్లేకుంటే నాకు కండ్లు ఆనవు, నువ్వే తెరువప్పా. నంబరు ఎనక కార్డు మీద ఉండాది."

ఫోను వెనక, పారదర్శకమైన కవరులో, కొత్త సంవత్సరానికి చర్చిలో ఇచ్చిన, బైబిలు వాక్యం రాసిన వాగ్దాన కార్డు ఉంది. దాని మీది అధ్యాయం, వచనం అంకెలే ఫోనుకు తాళం. కండక్టర్ చదివాడు, కొట్టాడు, తెరిచాడు. "ఈసారికి సరే అవ్వా, ఇంకోసారి కార్డే తెచ్చుకో" అని టికెట్టు చింపాడు.

నాకు మండింది. సైబర్ మోసాల మీద పంచిన కరపత్రాలన్నీ చదివి దాచుకునేవాణ్ణి నేను. సొంత సమాచారం కాపాడుకోవడం మనిషి హక్కు అని ఊరంతా చెప్పుకు తిరుగుతాను. మా ఇంట్లోనే ఇట్లాగా?

"బీగం వేసి తాళంచెవి తలుపుకే తగిలిస్తావా జేజీ?"

"నా ఫోన్లో ఏముండాదిరా, నాలుగు పాటలు. దొంగోడు ఇంటే వానికే మంచిది."

"ఆధార్ ఉంది, బ్యాంకు ఖాతా ఉంది, మనవాళ్లందరి నంబర్లు ఉన్నాయి. పోతే నీ ఒక్కదానిదే పోదు."

నంద్యాల వచ్చేలోపు ఎవరికీ తట్టని అంకెలు పెట్టేశాను. జేజి మూతి ముడుచుకుని కిటికీలోంచి శనగచేలు చూస్తూ కూర్చుంది.

ఆళ్లగడ్డలో టిఫినుకు ఆపారు. బొరుగులతో చేసే ఉగ్గాని, బజ్జీ నలభై రూపాయలు, తప్పకుండా తినండి. బస్సు మళ్లీ కదిలి ఊరు దాటాక జేజి సంచి తడుముకుంది. "ఒరేయ్, ఫోను లేదు. కొత్త పాట దాంట్లోనే ఉండాది."

నా ఫోన్నుంచి చేశాను. శానాసేపు మోగాక హోటలామె ఎత్తింది. "చేతులు కడుక్కునే కాడ ఉండింది అన్నా. మీవాళ్లకు చేద్దామని ఎనక కార్డు మీద నంబరు కొడ్తి, తెర్సుకోలా. మా యత్త గూడా అట్లనే పెట్టుకుంటాది."

నేను జేజి వైపు చూశాను, చూశావా అన్నట్టు. ఆమె తగ్గలేదు. "పాత నంబరే ఉంటే పాపం ఆయమ్మ ఎప్పుడో చేసింటాది."

"ఎనక కడప బస్సు వస్తాండాది. డ్రైవర్ చేతికిస్తా, మైదుకూరులో తీసుకోండి" అంది హోటలామె. తాళం మార్చకపోయి ఉంటే ముక్కూమొహం తెలియని మనిషికి ఇవ్వొద్దని అరిచేవాణ్ణి. ఇప్పుడు "సరే అక్కా" అన్నాను.

మైదుకూరు బస్టాండులో దిగి బల్ల మీద కూర్చుని జేజి పాట గుర్తు చేసుకుంటూనే ఉంది. మొదటి చరణం వస్తోంది. రెండో చరణం ఒకే చోట తెగిపోతోంది. టీ ఇప్పిస్తే చల్లారిపోయింది.

బస్సొచ్చింది. డ్రైవర్ పేపర్లో చుట్టిన ఫోను బయటికి తీశాడు. "నీదేనా అవ్వా? దారి పొడుగునా మోగుతానే ఉండాది. నీదైతే తెరువు సూద్దాం."

జేజి నా మొహం చూసింది. చెవిలో అంకెలు చెప్పాను. అద్దాలు పెట్టుకుని, తెరిచి పాట నొక్కింది. రెండో చరణంతో సహా ఆమె గొంతు బస్టాండంతా వినిపించింది.

"ఇంక ఆధార్ ఎందుకులే, గొంతు నీదే" అన్నాడు డ్రైవర్.

అదే బస్సెక్కాం. నేను పెట్టిన అంకెలకు నోరు తిరగదంది జేజి. ఎలా మార్చాలో చూపించాను. కిటికీ వైపు తిరిగి, ఫోను కొంగు చాటున పెట్టుకుని తనే కొట్టుకుంది.

"ఏ వాక్యం జేజీ?"

"నీకెందుకప్పా? ఎవురికీ చెప్పొద్దని నువ్వే అంటివి."

ఆ మాటకు నాకు కోపం రాలేదు. నా కరపత్రాలన్నీ కలిసి నేర్పలేని పాఠం ఆమెకు ఈ ఒక్క ప్రయాణం నేర్పింది. ఆ ఫోను రెండు కొత్త చేతులు మారి వచ్చింది. ఆ ఇద్దరూ మంచివాళ్లే. తాళం ఉండబట్టే నేను కూడా వాళ్లను నమ్మగలిగాను. సాయంత్రం కూడికలో జేజి రెండో చరణం తడుముకోకుండా పాడింది.

బయలుదేరేవాళ్లకు ఒక్క మాట: తాళం అంకెలు ఫోను మీద ఎక్కడా ఉంచకండి, తాళం తీయకుండానే తెర మీద కనిపించేలా ఇంట్లోవాళ్ల నంబరొకటి పెట్టండి. జేజి ఫోను తెర మీద ఇప్పుడు నా నంబరుంది. వెనక కార్డు మాత్రం అలాగే ఉంది, దాంతో ఇప్పుడేదీ తెరుచుకోదు.